ఘనాలో స్థలం, ఇల్లు, వారసత్వం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఘనాలో పనిచేస్తున్న మనవాళ్ళ నుంచి భూమి గురించి, ఇళ్ళ గురించి వచ్చిన ప్రశ్నలు ఈ నెల ఒకచోట చేర్చాం. చదువుతుంటే ఒకటి అర్థమైంది. అందరూ ముందు ధర అడుగుతున్నారు, ఆ తర్వాత కాగితాలు అడుగుతున్నారు, ఇచ్చేవాడికి అసలు ఇచ్చే హక్కు ఉందా అన్నది మాత్రం చివర్లో అడుగుతున్నారు. కొందరు అదీ అడగడం లేదు. ఘనాలో ఈ వరుస తలకిందులు కావాలి. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నేను తేమాలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. నాతో పనిచేసే ఘనా స్నేహితుడు ప్రాంప్రాం వైపు తమ కుటుంబానికి భూమి ఉందని, 70 బై 100 అడుగుల ప్లాటు ఇప్పిస్తానని అంటున్నాడు. ఫ్రీహోల్డ్ అట. విదేశీయుడిగా నా పేరు మీద కుదరకపోతే తన పేరు మీద రాయించుకుని తర్వాత మార్చుకోవచ్చు అంటున్నాడు. మనిషి చాలా మంచివాడు. కొనొచ్చా సార్?

మనిషి మంచివాడే అయ్యుండొచ్చు, కానీ చెప్పినవాటిలో రెండు మాటలు చెల్లవు. మొదటిది ఫ్రీహోల్డ్. ఘనా 1992 రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం ఆ దేశ పౌరుడు కానివాడికి ఫ్రీహోల్డ్ హక్కు ఇచ్చే ఏ ఒప్పందమైనా చెల్లదు. మీకు దొరికేది లీజు మాత్రమే, అదీ ఒక దఫాకి 50 ఏళ్ళకు మించకూడదు. గడువు తీరాక మళ్ళీ రాయించుకోవచ్చు గానీ అది అప్పటి యజమాని ఇష్టం, అప్పటి రేటు. ఘనా పౌరులకైతే ఇళ్ళ స్థలాల లీజు మామూలుగా 99 ఏళ్ళు ఉంటుంది. పీఠం భూముల్లో, అంటే సంప్రదాయ నాయకుడి పీఠం కింద ఉండే, అక్కడ స్టూల్ ల్యాండ్స్ అనే వాటిలో, వాళ్ళ సొంత పౌరులకు కూడా కొత్తగా ఫ్రీహోల్డ్ ఇవ్వడానికి వీల్లేదని 267వ అధికరణం చెబుతోంది. కాబట్టి మీ చేతిలో పెట్టిన కాగితం మీద ఫ్రీహోల్డ్ అని కనిపిస్తే అది రాసినవాడికి చట్టం తెలియదు, లేదా మీకు తెలియదని వాడికి తెలుసు.

రెండోది ఆయన పేరు మీద రాయించడం. దయచేసి ఈ పని చెయ్యొద్దు. ఆయన పేరు మీద ఉంటే అది ఆయనది. ఆయన చనిపోతే ఆయన భార్యాపిల్లలది, ఆయన కుటుంబానిది. ఇదంతా మీ డబ్బు అని రేపు కోర్టుకెక్కితే, విదేశీయుడికి లేని హక్కును దొడ్డిదారిన సంపాదించడానికి ఇలా చేశానని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టవుతుంది. కంపెనీ పెట్టి దాని పేరున కొంటాం అనేవాళ్ళు కూడా ఆగాలి. విదేశీయుల వాటా 40 శాతం దాటితే ఆ కంపెనీని కూడా 2020 నాటి భూమి చట్టం విదేశీయుడిగానే చూస్తుంది.

ఇక అసలు సంగతి. కుటుంబ భూమి అన్నారు కదా, ఆ కుటుంబానికి పెద్ద ఎవరు? ఘనాలో కుటుంబం అంటే భార్యాభర్తలూ పిల్లలూ కాదు, ఒకే మూలపురుషుడి నుంచో మూలస్త్రీ నుంచో వచ్చిన పదుల, వందల మంది. ఆ భూమిని ఇచ్చే హక్కు కుటుంబ పెద్దది, అదీ ముఖ్యమైన పెద్దమనుషుల సమ్మతితో. కోర్టులు ఇక్కడ ఒక తేడా పాటిస్తూ వచ్చాయి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పెద్ద లేకుండా మిగతావాళ్ళంతా కలిసి సంతకం చేసినా ఆ లీజు మొదటినుంచీ చెల్లదు. పెద్ద ఒక్కడే, మిగతావాళ్ళని అడగకుండా సంతకం చేస్తే, వాళ్ళు సకాలంలో అడ్డం తిరిగి కోర్టుకెళ్తే రద్దయ్యే ప్రమాదం ఉంటుంది. మీ స్నేహితుడు ఆ కుటుంబంలో ఒక కుర్రవాడు అంతే. ఆయన మిమ్మల్ని పెద్ద దగ్గరికి తీసుకెళ్ళగలడు, భూమి ఇవ్వలేడు.

నా సలహా ఇది. ఒక్క సెడీ కూడా బయానా ఇవ్వకముందే సైట్ ప్లాన్ అడగండి, దాని మీద లైసెన్స్ ఉన్న సర్వేయర్ సంతకం ఉండాలి. దాన్ని తీసుకెళ్ళి, భూమి రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ ల్యాండ్స్ కమిషన్‌లో సెర్చ్ పెట్టండి. ఆ స్థలం మీద ఇంతకుముందు రిజిస్టర్ అయిన లావాదేవీలు, ప్రభుత్వం తీసుకున్న భూమి అవునా కాదా అన్నది అందులో తెలుస్తుంది. కానీ అక్కడితో ఆగితే సరిపోదు, ఎందుకంటే నోటిమాట మీద, సంప్రదాయం ప్రకారం ఇచ్చినవి, ఎవరూ రిజిస్టర్ చేయించనివి ఆ రికార్డులో కనిపించవు. అందుకే స్థలం దగ్గరికి వెళ్ళి, చుట్టుపక్కల ఉన్నవాళ్ళని అడగండి. హద్దు రాళ్ళు ఎవరు పాతారు, మొక్కజొన్న ఎవరు వేస్తున్నారు, ఎవరైనా ఇసుక తోలించారా. అక్రా చుట్టుపక్కల గోడల మీద ఎర్ర రంగుతో, ఈ స్థలం అమ్మకానికి కాదు, అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది చూశారా, అవి ఊరికే రాసినవి కావు. ఒకే ప్లాటును ఇద్దరు ముగ్గురికి అంటగట్టడం అక్కడ ఎంత మామూలో ఆ గోడలే చెబుతాయి. పని ఆపండి, పర్మిట్ చూపించండి, అని మునిసిపాలిటీ వాళ్ళు రాసే ఎర్ర రాతలు వేరే, అవి కట్టడానికి అనుమతి లేనందుకు.

కోర్టులో దావా నడుస్తోందా అని ఒక స్థానిక లాయర్ చేత వాకబు చేయించండి. మీకోసం పనిచేసే లాయర్ అయ్యుండాలి, అమ్మేవాళ్ళు తెచ్చిన లాయర్ వద్దు. స్థలం పల్లంలో ఉందా, నీళ్ళు వెళ్ళే దారిలో ఉందా కూడా చూడండి. మీ తేమా పక్కనే సకుమో లగూన్ చుట్టూ ఉన్న రామ్‌సార్ రక్షిత ప్రాంతంలో, అంటే కాపాడాల్సిన చిత్తడి నేలల్లో, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ దగ్గర కూడా కాగితాలు ఉన్నాయి, అయినా 2022లో కూల్చివేతలు తప్పలేదు. అన్నీ సరిపోతే ఇండెంచర్, అంటే లీజు దస్తావేజు, రాయించుకుని, స్టాంప్ డ్యూటీ కట్టి, వెంటనే రిజిస్ట్రేషన్‌కి పెట్టండి. అక్రా, తేమా ప్రాంతాల్లో దస్తావేజు రిజిస్టర్ చేయించి ఊరుకోకండి, టైటిల్ రిజిస్ట్రేషన్, అంటే హక్కునే నమోదు చేయించడం, దాకా వెళ్ళండి. దానికి నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు, టెన్షన్ పడొద్దు కానీ వదిలెయ్యొద్దు.

స్థలం దగ్గర కండలు తిరిగిన కుర్రాళ్ళు వచ్చి కాపలా డబ్బు అడిగితే వాళ్ళే ల్యాండ్ గార్డులు. 2020 చట్టం ఈ పనిని 5 నుంచి 15 ఏళ్ళ జైలు పడే నేరం చేసింది. పోలీసులకి చెప్పండి. మీ తరఫున ఇంకో గుంపుని పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, అలా పెట్టుకుంటే ఆ నేరంలో మీరూ ఉంటారు.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్ళు పాలించిన దేశమే కదా, మరి భూమి ఇంకా గ్రామ పెద్దల చేతిలో, కుటుంబాల చేతిలో ఎలా ఉంది? ప్రభుత్వం ఎందుకు తీసుకోలేదు?

ఈ ప్రశ్న అడిగినందుకు నిజంగా సంతోషం. తీసుకోవాలనే చూశారు. అప్పటి పేరు గోల్డ్ కోస్ట్. 1890లలో వలస ప్రభుత్వం ఖాళీగా ఉన్న భూములు, అడవులు, గనుల మీద పెత్తనం తనకే రావాలని బిల్లులు తెచ్చింది. అక్కడివాళ్ళు చెప్పిన మాట సూటిగా ఉంటుంది: మా దేశంలో ఖాళీ భూమి అనేదే లేదు, దున్నని నేలకి కూడా యజమాని ఉన్నాడు, అది పూర్వీకులదీ ఇప్పుడున్నవాళ్ళదీ ఇంకా పుట్టబోయేవాళ్ళదీ. 1897లో కేప్ కోస్ట్‌లో అబోరిజినీస్ రైట్స్ ప్రొటెక్షన్ సొసైటీ ఏర్పడింది. అక్కడివాడే అయిన బారిస్టర్ జాన్ మెన్సా సర్బా ఆ ఏటి భూముల బిల్లుకి వ్యతిరేకంగా వాదించాడు. 1898లో వాళ్ళ ప్రతినిధులు లండన్ దాకా వెళ్ళి కాలనీల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్‌ని కలిశారు. బిల్లు వెనక్కి పోయింది. ఆఫ్రికాలో చాలా చోట్ల తెల్లవాళ్ళు ఎకరాలకి ఎకరాలు కాజేస్తున్న కాలంలో ఇది జరిగిందని గుర్తుంచుకుంటే ఆ గెలుపు ఎంతటిదో తెలుస్తుంది.

ఉత్తరాది వాళ్ళకి మాత్రం ఆ అదృష్టం లేదు. అక్కడి భూములు వలస కాలంలో గవర్నర్ చేతికి పోయాయి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. తర్వాతి రాజ్యాంగాలే వాటిని తిరిగి సొంతదారులకి అప్పగించాయి. దక్షిణాదిన అకాన్ జాతివాళ్ళ ప్రాంతాల్లో నాయకుడి అధికారానికి గుర్తు పీఠం, ఉత్తరాన జంతువు చర్మం. అందుకే ఒకచోట స్టూల్ ల్యాండ్స్, ఇంకోచోట స్కిన్ ల్యాండ్స్ అంటారు.

అయితే నాయకుడు ఆ భూమికి సొంతదారు కాదు, జనం తరఫున ధర్మకర్త. ఇది రాజ్యాంగంలోనే ఉంది. పీఠం భూముల మీద వచ్చే శిస్తు, రాయల్టీ లాంటి ఆదాయం ఎలా పంచాలో కూడా అందులోనే రాశారు: ముందు 10 శాతం వసూలు చేసే ప్రభుత్వ కార్యాలయం ఖర్చులకి, మిగిలినదాంట్లో 25 శాతం పీఠానికి, 20 శాతం సంప్రదాయ మండలికి, 55 శాతం జిల్లా అసెంబ్లీకి, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వానికి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ స్థలం తీసుకునేవాడు నాయకుడికి ఇచ్చే పెద్ద మొత్తాన్ని డ్రింక్ మనీ అంటారు. ఒకప్పుడు అది నిజంగా స్నాప్స్ అనే మద్యం సీసా పట్టుకెళ్ళి మర్యాదగా అడగడమే. ఇప్పుడు అది స్థలం అసలు ధరతో సమానం, అయినా కానుక అనే పేరుతో లెక్కలోకి రాకుండా పోతోంది, జిల్లా అసెంబ్లీకి నామమాత్రపు శిస్తులో వాటా మిగులుతోంది. అక్కడి రైతు కుటుంబాలకి జరుగుతున్న అన్యాయాల్లో ఇది పెద్దదని నా అభిప్రాయం. ఊరి చివర పొలం ప్లాట్లయిపోతుంది, దాని మీద తరతరాలుగా బతికినవాడికి దక్కేది ఏమీ ఉండదు, 1890లలో లండన్ చేతికి పోకుండా కాపాడుకున్న భూమి ఇలా సొంత పెద్దల చేతి మీదుగా కరిగిపోతుంటే బాధ కలుగుతుంది.

ప్రశ్న: మా కంపెనీ అక్రాలో గోడౌన్ కోసం ఒక పాత భవనం అద్దెకి తీసుకోబోతోంది. యజమానులు విదేశీ కుటుంబం, తాతగారు 1950లలో ఫ్రీహోల్డ్‌గా కొన్నారని అసలు దస్తావేజు చూపించారు. ఆ రోజుల్లో చట్టం వేరు కదా, ఇది చెల్లుతుందా?

కొన్నప్పుడు చెల్లింది. ఇప్పుడు కాదు. 1969 ఆగస్టు 22 నాటికి విదేశీయుల దగ్గర ఉన్న ప్రతి ఫ్రీహోల్డూ ఆ రోజు నుంచి 50 ఏళ్ళ లీజుగా మారిపోయింది, యాజమాన్యం ఘనా ప్రజల తరఫున దేశాధ్యక్షుడికి చేరింది. ఇప్పటి రాజ్యాంగంలోని 266వ అధికరణం కూడా అదే చెబుతోంది. లెక్క వేయండి, ఆ లీజు 2019 ఆగస్టుతో అయిపోయింది. దస్తావేజు నకిలీది కాకపోవచ్చు, లక్క ముద్ర కూడా అలాగే ఉండొచ్చు, కానీ ఆ తేదీ తర్వాత ల్యాండ్స్ కమిషన్ నుంచి కొత్త లీజు తీసుకున్నారా లేదా అన్నదే ముఖ్యం. ఆ కుటుంబంలో ఎవరైనా 1969కి ముందే ఘనా పౌరసత్వం తీసుకుని, ఆస్తి వాళ్ళ పేరున ఉంటే కథ వేరు. ఆ కాగితాలు చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని మీ యాజమాన్యానికి చెప్పండి.

ప్రశ్న: అక్రాలో ఇల్లు అద్దెకి అడిగితే రెండేళ్ళ అద్దె ఒకేసారి కట్టమంటున్నారు. ఇది న్యాయమేనా?

న్యాయం కాదు, నేరం. 1963 నాటి అద్దె చట్టం ప్రకారం ఆరు నెలలకు మించిన అద్దె ఒప్పందానికి ఆరు నెలల కంటే ఎక్కువ అడ్వాన్సు అడగకూడదు. రెంట్ కంట్రోల్ అనే ప్రభుత్వ శాఖ ఉంది, ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ, ఫిర్యాదు చేసినవాడికి ఆ ఇల్లు దక్కదు. ఏడాదికి ఒప్పించగలిగితే ఒప్పించండి. ఎంత కట్టినా రసీదు మీద ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయించుకోండి, ఒప్పందం మధ్యలో అద్దె పెంచకూడదని ఒక వాక్యం చేర్పించండి. డాలర్లలో అడిగితే ఒప్పుకోకండి, సెడీల్లోనే రాయించండి.

ప్రశ్న: నేను కుమాసిలో టీచర్‌ని. మా స్కూల్లో పనిచేసే ఒక ఘనా అక్క భర్త పోయి మూడు నెలలైంది. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఆయన అక్కగారి కొడుకు వచ్చి, ఇల్లు మామయ్యది కాబట్టి మా ఆచారం ప్రకారం నాదే, ఖాళీ చెయ్యండి అంటున్నాడు. వీలునామా లేదు. ఆవిడ రోజూ ఏడుస్తోంది. ఆమెకి ఏ దారీ లేదా?

ఉంది. ముందు ఆ తల్లికి ధైర్యం చెప్పండి, ఇల్లు వదిలి ఒక్క రోజు కూడా బయటికి వెళ్ళొద్దని చెప్పండి.

మీ కుమాసి వైపు ఎక్కువగా ఉండే అకాన్ జనంలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పిల్లలు తల్లి కుటుంబానికి చెందుతారు, తండ్రి కుటుంబానికి కాదు. కాబట్టి పాత ఆచారం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే ఆస్తి అతని తల్లి వైపు కుటుంబానికి, అంటే తమ్ముడికో మేనల్లుడికో పోయేది. భార్యకి ఏమీ రాదు, పిల్లలు ఇంట్లో ఉండనిస్తే ఉండాలి. ఎన్నో ఇళ్ళలో భర్తతో కలిసి కోకో తోటల్లో ఇరవై, ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన ఆడవాళ్ళు దహనమో ఖననమో అయిన మర్నాడే మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. ఈ ఘోరం ఆపడానికే 1985లో వారసత్వ చట్టం తెచ్చారు, అప్పటి సైనిక ప్రభుత్వం పేరు మీద అక్కడ దాన్ని పీఎన్‌డీసీ లా 111 అంటారు. ఆవిడకి ఈ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి, పోలీస్ స్టేషన్లో, కోర్టులో ఈ నంబరు చెప్పమనండి.

దాని ప్రకారం ఆయన సొంతంగా సంపాదించుకున్న ఇల్లు, ఇంట్లోని సామాన్లు భార్యాపిల్లలకే. ఒకటికంటే ఎక్కువ ఇళ్ళుంటే ఏది కావాలో వాళ్ళే ఎంచుకుంటారు. మిగతా ఆస్తిని 16 భాగాలు చేస్తే భార్యకి 3, పిల్లలకి 9, ఆయన తల్లిదండ్రులకి 2, ఆచారం ప్రకారం కుటుంబానికి 2. ఆ మేనల్లుడు గారి వాటా ఏదైనా ఉంటే ఈ చివరి రెండు భాగాల్లోంచే రావాలి. పంపకం కాకముందే భార్యాపిల్లల్ని ఇంట్లోంచి గెంటడం నేరం అని కూడా 1991లో చట్టంలో చేర్చారు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన మాట: ఆయన సొంతంగా సంపాదించుకున్న ఇల్లు. ఈ చట్టం కుటుంబ ఆస్తికి, పీఠం ఆస్తికి వర్తించదు. అవతలివాళ్ళు తప్పకుండా ఇక్కడే పట్టుకుంటారు. ఆ స్థలం కుటుంబానిదనో, కట్టేటప్పుడు మేమూ సిమెంటుకి డబ్బిచ్చాం, మా కుర్రాళ్ళు వచ్చి ఇటుకలు మోశారు, కాబట్టి కుటుంబ ఇల్లేననో అంటారు. కుటుంబ భూమిలో ఒకడు ఇల్లు కట్టుకుంటే అతను బతికున్నంతకాలమే అతనిది, తర్వాత కుటుంబానిది అన్నది పాత సూత్రం, కోర్టులు దాన్ని ఇప్పటికీ పట్టించుకుంటాయి. అందుకే స్థలం ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పే కేటాయింపు పత్రం, సైట్ ప్లాన్, సిమెంటు, రేకుల బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన చీటీలు, కరెంటు మీటరు పేరు, దొరికిన ప్రతి ముక్కా ఒక సంచీలో వేసి ఆ ఇంట్లో కాకుండా వేరేచోట దాచమనండి. ఆ సంచీయే ఆమెకి రక్ష.

ఇంకో మాట. ఆవిడ జీతం కూడా ఆ ఇంట్లో పడి ఉంటుంది కదా. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించినదాంట్లో భార్యకి సొంత వాటా ఉందని అక్కడి సుప్రీంకోర్టు 2012లో మెన్సా కేసులో గట్టిగా చెప్పింది. అది భర్త నుంచి వచ్చే వారసత్వం కాదు, ఆమెదే. ముందు దాన్ని పక్కకి తీసి, మిగిలినదే పంచాలని ఆమె అడగొచ్చు.

చేయాల్సిన పని: కోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే పోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం, కోసం దరఖాస్తు పెట్టాలి. మేనల్లుడు ముందే పరిగెత్తి తన పేరున తెచ్చుకోకుండా, ఈలోగా లాయర్ చేత అభ్యంతరం దాఖలు చేయించాలి. లాయర్ ఫీజు కష్టమైతే ప్రభుత్వ లీగల్ ఎయిడ్ కమిషన్ ఉంది, మహిళా న్యాయవాదుల సంఘం ఫిడా ఉంది. మీరు తోడు వెళ్ళండి అమ్మా. ఒంటరిగా వెళ్ళిన విధవరాలిని కూర్చోబెట్టి రాజీ కుదిర్చి పంపేవాళ్ళు చాలామంది ఉంటారు, పక్కన ఇంకో మనిషి ఉంటే ఆ రాజీ అంత తేలిగ్గా కుదరదు.

ప్రశ్న: ఘనాలో ప్రభుత్వం భూమి తీసుకుంటే పరిహారం ఇస్తారా? మా సైట్ పక్కన రోడ్డు వెడల్పు చేస్తారంటున్నారు.

ఇవ్వాలి. ప్రజా అవసరం కోసమే తీసుకోవాలి, తగిన పరిహారం త్వరగా ఇవ్వాలి, నచ్చకపోతే హైకోర్టుకి వెళ్ళే హక్కు ఉండాలి, తీసుకున్న భూమిని ఆ పనికి వాడకపోతే పాత యజమానికే తిరిగి కొనుక్కునే మొదటి అవకాశం ఇవ్వాలి. ఇవన్నీ 20వ అధికరణంలో ఉన్నాయి. ఈ రక్షణలు ఎందుకు రాసుకున్నారో అకొసొంబో డ్యామ్ చూస్తే తెలుస్తుంది. 1965లో పూర్తయింది, దాని వెనక వోల్టా సరస్సు నిండుతూ 739 ఊళ్ళు మునిగాయి, దాదాపు 80,000 మందిని 52 కొత్త ఊళ్ళకి తరలించారు. ఆ పరిహారం గొడవలు దశాబ్దాల తర్వాత కూడా తెగలేదు. మీ విషయంలో, లీజుదారుడిగా మీకున్న హక్కుకి కూడా పరిహారం ఉంటుంది, కానీ రిజిస్టర్ అయిన లీజు ఉంటేనే అది సులభంగా తేలుతుంది. రోడ్డు కోసం ముందే కేటాయించిన జాగాలో మీ ప్రహరీ ఉంటే మాత్రం రూపాయి రాదు, కాబట్టి ముందు జిల్లా అసెంబ్లీ ప్లానింగ్ ఆఫీసులో లేఅవుట్ చూడండి.

ప్రశ్న: వెస్టర్న్ రీజియన్‌లో మేం లీజుకి తీసుకున్న పొలంలో బంగారం ఉందట. తవ్వుకోవచ్చా?

వద్దు. నేల ఎవరిదైనా కింద ఉన్న ఖనిజం ప్రభుత్వానిది. చిన్న తరహా గనుల లైసెన్సులు ఘనా పౌరులకి మాత్రమే ఇస్తారు. లైసెన్సు లేకుండా తవ్వితే విదేశీయుడికి 20 నుంచి 25 ఏళ్ళ జైలు అని 2019లో చట్టం మార్చారు. ఎవరైనా రాత్రిపూట మెషీన్లు తెచ్చి, మీకు వాటా ఇస్తాం, పొలం మాకు వదిలెయ్యండి అంటే ఒప్పుకోకండి. మీ భూస్వామికి, పోలీసులకి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాపీ మీ దగ్గర పెట్టుకోండి.